చెన్నై నుంచి శ్రీలంక హనీమూన్: ముహూర్తం కుదిరిన రోజు నుంచి తిరుగు ప్రయాణం దాకా

చెన్నైలో మన తెలుగిళ్లలో పెళ్లి కుదిరిందంటే కల్యాణ మండపం, వంటవాళ్లు, టీ నగర్‌లో పట్టుచీరలు అన్నీ నెలల ముందే మాట్లాడేసుకుంటారు. హనీమూన్ మాత్రం చివర్లో ఎవరో వాట్సాప్‌లో పంపిన ప్యాకేజీ పోస్టర్ చూసి డబ్బు కట్టేస్తారు. ఆరు రోజులు, ఐదు ఊళ్లు, రోజూ పొద్దున్నే ఏడింటికి సూట్‌కేసు సర్దుకుని బండెక్కడం. పెళ్లి పనులతో నిద్రలేక, ఉపవాసాలతో, వచ్చేపోయే చుట్టాలతో అలసిపోయిన ఇద్దరికి అది విహారం కాదు, ఇంకో డ్యూటీ.

కొత్త జంటలు ఎవరు సలహా అడిగినా నేను మూడు విషయాలు చెబుతాను. దగ్గరి దేశానికి వెళ్లండి. పెళ్లయిన నెలలో అక్కడ ఎండ కాసే తీరమేదో చూసి ఎంచుకోండి. రెండుసార్లకు మించి మకాం మార్చకండి. చెన్నై వాళ్లకు ఈ మూడూ కుదిరే దేశం శ్రీలంక. కొలంబోకు నేరుగా విమానం ఉంది, గంటన్నర లోపే దిగుతారు. అక్కడ తమిళం అధికార భాషల్లో ఒకటి. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లకు తమిళం ఎలాగూ వస్తుంది కాబట్టి ఆటో బేరం దగ్గర్నుంచి మందుల షాపు దాకా ఇబ్బంది ఉండదు.

మొదటి అడుగు: పంచాంగాన్నీ వానలనూ కలిపి చూడండి

ఈ ఒక్క అడుగు సరిగ్గా వేస్తే సగం పని అయిపోయినట్టే. చాలామంది ఇక్కడే పొరబడతారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

శ్రీలంకకు రెండు వానాకాలాలు. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలు కొలంబో, బెంటోటా, గాల్, మిరిస్సా ఉన్న నైరుతి తీరాన్నీ, కొండల పడమటి వైపునూ తడుపుతాయి. సరిగ్గా అప్పుడే తూర్పు తీరంలోని త్రింకోమలీ, నిలావెలి, పాసికుడాలో ఎండ కాస్తుంది, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాల వంతు. అప్పుడు తూర్పు తడుస్తుంది, దక్షిణ తీరం బాగుంటుంది. అంటే ఏడాదిలో చాలా నెలలు ఏదో ఒక తీరం మీకు అనుకూలంగానే ఉంటుంది. ఏ తీరమో తెలుసుకోకుండా బుక్ చేసుకుంటేనే గదిలో కూర్చుని వాన చూడాల్సి వస్తుంది.

మాఘం, ఫాల్గుణంలో పెళ్లయితే, అంటే ఫిబ్రవరి, మార్చి ప్రయాణాలకు, కొండ ప్రాంతమూ దక్షిణ తీరమూ కలిపి పెట్టుకోండి. అన్నిటికంటే మంచి కాలం అదే. వైశాఖం పెళ్లిళ్లకు ఏప్రిల్ నెలాఖరు దాకా దక్షిణం ఫర్వాలేదు. కాకపోతే ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ, తమిళ సంవత్సరాది. ఆ వారం స్థానికులంతా సెలవుల మీద ఉంటారు, కొండల్లో ఉన్న నువారా ఎలియా ఊరు కిటకిటలాడుతుంది. జ్యేష్ఠం, శ్రావణం పెళ్లిళ్లకు తూర్పు తీరం. శ్రావణం వాళ్లకు ఇంకో వరం కూడా ఉంది. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో మిన్నేరియా చెరువు నీళ్లు తగ్గి, బయటపడిన పచ్చిక కోసం అడవి ఏనుగులు వందల్లో గుమిగూడతాయి. సాయంత్రం జీపులో వెళ్లి చూడొచ్చు.

కార్తీకం, మార్గశిరం పెళ్లిళ్లకు, అంటే అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ మొదటి వారాల దాకా, నేను శ్రీలంక చెప్పను. అవి రెండు రుతుపవనాల మధ్య రోజులు. దేశమంతా మధ్యాహ్నాలు ఉరుములతో వానలు, బంగాళాఖాతంలో తుపాన్లు. 2025 నవంబర్ చివర్లో దిత్వా తుపాను ఆ దేశాన్ని ఎంత నష్టపరిచిందో చెన్నైలో ఉన్న మనకు చెప్పక్కర్లేదు. ఆ నెలల్లో పెళ్లయిన వాళ్లు భూటాన్ చూడండి. అక్టోబర్, నవంబర్‌లలో ఆకాశం తేటగా ఉండి హిమాలయ శిఖరాలు కనిపిస్తాయి, చలికి తగ్గ బట్టలుంటే చాలు. సముద్రమే కావాలంటే నవంబర్ మధ్య నుంచి థాయ్‌లాండ్‌లో ఫుకెట్, క్రాబీ వైపు బాగుంటుంది. అదే దేశంలో కో సముయి మాత్రం ఆ రోజుల్లోనే వానల్లో ఉంటుంది. పేరు చూసి మోసపోవద్దు. వియత్నాంలో హోయ్ ఆన్ ఫొటోలు చూసి చాలామంది మనసు పారేసుకుంటారు గానీ అక్టోబర్, నవంబర్‌లలో అక్కడ వరదలు మామూలే.

బాలీకి ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పొడి కాలం. మార్చిలో వెళ్లాలనుకుంటే న్యేపీ పండుగ తేదీ చూసుకోండి. ఆ రోజు విమానాశ్రయంతో సహా దీవి మొత్తం 24 గంటలు మూసేస్తారు, హోటల్ గడప దాటనివ్వరు. మాల్దీవులకు డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా మేలు.

ఆషాఢం సంగతి ఇంట్లో పెద్దవాళ్లతో ముందే మాట్లాడుకోండి. జ్యేష్ఠంలో పెళ్లయితే ఆషాఢం రాగానే అమ్మాయిని పుట్టింటికి పంపే ఆనవాయితీ చాలా ఇళ్లలో ఉంది. కొన్ని ఇళ్లలో ఆ నెల ప్రయాణానికి ఒప్పుకుంటారు, కొన్ని ఇళ్లలో ఒప్పుకోరు. టికెట్లు కొన్నాక అత్తగారు వద్దనడం, అబ్బాయి మధ్యలో నలిగిపోవడం కొత్త కాపురానికి మంచిది కాదు.

రెండో అడుగు: రోజులు లెక్క వేసుకుని, రెండు మూడు మకాములే పెట్టుకోండి

పెళ్లయ్యాక సత్యనారాయణ వ్రతం, తిరుమల దర్శనం, కొందరికి పదహారు రోజుల పండుగ. ఇవన్నీ ముందు రాసుకుని, వాటి తర్వాత కనీసం రెండు రోజులు ఇంట్లో నిద్రపోయేందుకు వదిలి, అప్పుడు విమానం తేదీ పెట్టండి.

ఆరు, ఏడు రాత్రులు చాలు. శ్రీలంక మ్యాప్‌లో చిన్నగా కనిపిస్తుంది గానీ రోడ్లు సన్నం, కొండల్లో గంటకు ముప్పై నలభై కిలోమీటర్లు వెళితే గొప్ప. నేను చెప్పే పద్ధతులు ఇవి.

ఫిబ్రవరి, మార్చి వాళ్లు విమానాశ్రయం నుంచి కారులో మూడు గంటలు, మూడున్నర గంటలు ప్రయాణించి క్యాండీ చేరండి. అక్కడ ఒక రాత్రి, కొండల్లోని ఎల్లా అనే ఊళ్లో రెండు రాత్రులు, ఆ తర్వాత దక్షిణ తీరంలో మూడు రాత్రులు. తీరంలో గాల్ కోట దగ్గరో, మిరిస్సాలోనో ఒకే గది తీసుకోండి. అక్కడి నుంచి తిరుగు ప్రయాణం హైవే మీదే కాబట్టి తేలిక.

ఆగస్టు వాళ్లు పాత బండ కోట ఉన్న సిగిరియా దగ్గర రెండు రాత్రులు, అక్కడి నుంచి రెండు గంటల దూరంలో నిలావెలిలో మూడు రాత్రులు. త్రింకోమలీ నుంచి విమానాశ్రయానికి ఆరు గంటలు పట్టొచ్చు. అందుకని చివరి రాత్రి నెగొంబోలో పడుకోండి. అది విమానాశ్రయం పక్కనే ఉన్న చేపల రేవు. తెల్లవారుజామున పరుగులు పెట్టక్కర్లేదు.

ఏ పద్ధతిలోనైనా ఒక రోజు పూర్తిగా ఖాళీగా ఉంచండి. పెద్దలు కుదిర్చిన పెళ్లయితే మీ ఇద్దరికీ నిశ్చితార్థం తర్వాత ఫోన్ మాటలే తప్ప తీరిగ్గా పక్కపక్కన కూర్చున్న గంటలు తక్కువ. ఆ రోజుకు ఏ ప్రోగ్రామూ పెట్టొద్దు.

మూడో అడుగు: కాగితాలు

పాస్‌పోర్ట్‌కు ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలలకు మించి గడువు ఉండాలి. టికెట్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే వేయాలి. మన పేర్లతో వచ్చే చిక్కే ఇది. ఇంటిపేరు ముందుంటుంది, చెన్నైలో స్కూల్లో ఇనీషియల్‌గా మారుతుంది, పాస్‌పోర్ట్‌లో తండ్రి పేరే ఇంటిపేరు గడిలోకి వెళుతుంది. పెళ్లి తర్వాత అమ్మాయి పేరు మార్చాలనుకున్నా హనీమూన్ అయ్యేదాకా ఆగండి. పాత పేరుతో ఉన్న పాస్‌పోర్ట్ మీద నిశ్చింతగా వెళ్లొచ్చు, భర్త పేరు అందులో లేకపోయినా ఏ అభ్యంతరమూ ఉండదు.

శ్రీలంక ప్రయాణ అనుమతి ఆన్‌లైన్‌లోనే ఇస్తారు. ఫీజు, నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోండి. చిరునామా చివర గవ్ డాట్ ఎల్‌కే అని ఉందో లేదో గమనించండి. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు అదే పనికి రెండింతలు, మూడింతలు గుంజుతాయి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. విమానం రద్దయినా, ఒకరికి జ్వరం వచ్చినా అప్పుడు దాని విలువ తెలుస్తుంది.

నాలుగో అడుగు: బుకింగులు

విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే బిల్లు మీద టీసీఎస్ పేరుతో, అంటే ముందుగానే తీసుకునే ఆదాయపు పన్నుగా, కొంత శాతం అదనంగా వసూలు చేస్తారు. అది పోయిన డబ్బు కాదు, ఐటీ రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు అవుతుంది. అందుకే ఎవరి పాన్ కార్డు ఇస్తున్నారో గుర్తుంచుకోండి. బిల్లు మామయ్య కట్టి, పాన్ ఆయనదే ఇస్తే, ఆ క్రెడిట్ కూడా ఆయనకే వెళుతుంది.

నా మాట వింటే ప్యాకేజీ కంటే విడిగా చేసుకోవడమే నయం. విమానం టికెట్లు, రెండు మూడు హోటళ్లు, ఒక డ్రైవర్ ఉన్న కారు, అంతే. హోటల్‌కు నేరుగా మెయిల్ పెట్టి కొత్తగా పెళ్లయిన జంట అని చెప్పండి, విడివిడి మంచాలు కాకుండా డబుల్ బెడ్ కావాలని రాయండి. పువ్వుల అలంకరణకు వేరే డబ్బు అడిగితే వద్దనండి. ఆ డబ్బుతో సముద్రం కనిపించే గదికి మారొచ్చు.

క్యాండీ నుంచి ఎల్లా వెళ్లే రైలు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తేయాకు తోటల మధ్య ఆరేడు గంటలు సాగే ఆ ప్రయాణం కోసమే చాలామంది శ్రీలంక వెళతారు. టికెట్లు 30 రోజుల ముందు తెరుస్తారు, నిమిషాల్లో అయిపోతాయి. ఫస్ట్ క్లాస్ ఏసీ పెట్టెలో కిటికీలు తెరుచుకోవు, కాబట్టి సెకండ్ క్లాస్ రిజర్వుడు తీసుకోండి. అద్దం పైకెత్తితే చల్లగాలి, పొగమంచు, పచ్చి తేయాకు వాసన లోపలికొస్తాయి. దిత్వా తుపానుకు ఈ మార్గం చాలాచోట్ల కొట్టుకుపోయింది. కాబట్టి మీ తేదీల్లో ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా రైలు నడుస్తోందో రైల్వే వాళ్ల ప్రకటన చూసి, మిగతా దూరం కారు మాట్లాడుకోండి. తలుపు దగ్గర వేలాడి ఫొటోలు తీసుకోవద్దు. సొరంగాలు, రాళ్లు, చెట్లకొమ్మలు పెట్టెకు మరీ దగ్గరగా వస్తాయి. ఆ ఫొటోల మోజులో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఐదో అడుగు: సూట్‌కేసు

నగలు లాకర్‌లో పెట్టేయండి. నల్లపూసలు, చిన్న కమ్మలు, రెండేసి గాజులు చాలు. పెళ్లి హారం, వడ్డాణం ఫొటోల కోసమని తీసుకెళితే గదిలో వదిలి బయటికెళ్లిన ప్రతిసారీ టెన్షనే. తప్పదనుకుంటే చెన్నైలో బయల్దేరే ముందే కస్టమ్స్ దగ్గర చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు అది ఇక్కడి నుంచి తీసుకెళ్లిందేనని నిరూపించడం మీ పని అవుతుంది.

అమ్మ కట్టిచ్చే ఆవకాయ, గోంగూర పచ్చడి చేతి సంచిలో పెట్టొద్దు. నూనె పచ్చళ్లను సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. గట్టిగా సీలు వేయించి పెద్ద పెట్టెలో వేయండి. సింగపూర్ మీదుగా వేరే దేశం వెళ్లేవాళ్లయితే గసగసాలు, గసగసాలు వేసిన మసాలా పొడి అసలు పెట్టుకోవద్దు. అక్కడ అవి నిషేధం. గోరింటాకు వేళ్ల చివర్ల దాకా దట్టంగా ఉంటే వేలిముద్రల యంత్రం ఒక్కోసారి చదవదు. మెహందీ పెట్టే అమ్మాయికి ముందే చెప్పి ఆ కొసలు ఖాళీగా వదిలేయించండి.

ఇంకో మాట, ఎవరూ బయటికి చెప్పనిది. అమ్మాయి నెలసరి తేదీ చూసుకుని ప్రయాణం పెట్టుకోండి. పెళ్లి ముహూర్తం కోసం మాత్రలు వేసుకుని వాయిదా వేసి ఉంటే, ఆపిన కొద్ది రోజులకు వస్తుంది. చాలాసార్లు అది హనీమూన్ మొదటి రోజే అవుతుంది. పెళ్లికి ముందే డాక్టరమ్మను కలిసి ఈ సంగతి, గర్భనిరోధం సంగతి, మూత్రంలో మంట వస్తే ఏం చేయాలో అడిగి చీటీ రాయించుకోండి. అబ్బాయి కూడా వెంట వెళితే మంచిది. ఇది ఇద్దరి విషయం.

ఆరో అడుగు: అక్కడ దిగాక

విమానాశ్రయంలోనే సిమ్ తీసుకోండి. మన రూపాయికి అక్కడ మూడు రూపాయల పైచిలుకు వస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి శ్రీలంకలో యూపీఐ కూడా నడుస్తోంది. లంకా క్యూఆర్ బోర్డు ఉన్న షాపుల్లో స్కాన్ చేసి కట్టొచ్చు. యాప్‌లో ఇంటర్నేషనల్ సౌకర్యాన్ని ముందే ఆన్ చేసుకోండి. టుక్‌టుక్‌లకు, పల్లెటూరి కొట్లకు మాత్రం నోట్లే కావాలి. ఒంట్లో బాగోకపోతే 1990కి ఫోన్ చేస్తే ఉచిత అంబులెన్స్ వస్తుంది.

తిండి మనకు దగ్గరగానే ఉంటుంది. ఆప్పం, ఇడియాప్పం, అన్నంలోకి నాలుగైదు కూరలు, పెరుగు మీద జీలుగు బెల్లం పాకం. శాకాహారులు ఒక్క విషయం జాగ్రత్తగా చూసుకోవాలి. ఆప్పం పక్కన ఎర్రగా, తడితడిగా కొబ్బరి సంబోల్ పెడతారు. చూడ్డానికి మన కొబ్బరి పచ్చడే. తురిమిన కొబ్బరి, ఎండుమిరప, ఉల్లిపాయ, నిమ్మరసం. కానీ చాలాచోట్ల అందులో ఎండబెట్టిన మాల్దీవుల చేప పొడి కలిపి దంచుతారు. కూరల్లో కూడా వేస్తారు. సింహళంలో దాని పేరు ఉంబలకడ. ‘ఉంబలకడ లేకుండా’ అని ప్రతి పూటా అడగండి. ‘వెజ్’ అంటే కొందరు కంటికి కనిపించే ముక్క లేకపోతే చాలనుకుంటారు.

ప్రతి పౌర్ణమి అక్కడ పోయ దినం, అంటే సెలవు. ఆ రోజు మద్యం అమ్మరు, కొన్ని కొట్లు తీయరు, గుళ్లు నిండిపోతాయి. పంచాంగంలో పౌర్ణమి చూసుకుంటే చాలు. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవడాన్ని అక్కడ అవమానంగా భావిస్తారు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. చెప్పులు విడిచి నడవాల్సిన చోట మధ్యాహ్నం బండలు కాలిపోతాయి, ఒక జత సాక్స్ ఉంచుకోండి. వీధుల్లో చేయి పట్టుకుని నడిస్తే ఎవరూ ఏమీ అనరు. అంతకు మించి గది గోడల మధ్యే బాగుంటుంది.

సిగిరియా ఎక్కేవాళ్లు తెల్లవారి గేటు తెరిచే సమయానికే అక్కడుండాలి. 5వ శతాబ్దంలో కాశ్యపుడనే రాజు దాదాపు 200 మీటర్ల ఎత్తున్న ఆ బండ మీద కోట కట్టుకున్నాడు. మెట్లు 1,200 దాకా ఉంటాయి. ఎనిమిది దాటితే ఎండ, క్యూ రెండూ పెరుగుతాయి. మన దేశం కూడా ఉన్న సార్క్ కూటమి దేశాల వాళ్లకు టికెట్‌లో రాయితీ ఉంది, పాస్‌పోర్ట్ చేతిలో ఉంచుకోండి. త్రింకోమలీలో కొండ చివర కోనేశ్వరం గుడి, నిలావెలి ఎదురుగా పావురాల దీవి చుట్టూ పగడాలు. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్ లేకుండా నీళ్లలోకి దిగొద్దు. మిరిస్సాలో తిమింగలాల పడవ ఎక్కేముందు వాంతుల మాత్ర వేసుకోండి.

క్యాండీని మాత్రం తొందరగా దాటేయొద్దు. అక్కడ మనవాళ్ల చరిత్ర ఉంది. 1739లో క్యాండీ రాజు వీర నరేంద్రసింహుడు వారసుడు లేకుండా చనిపోతే, మదురై నాయక వంశానికి చెందిన రాణి సోదరుడికి సింహాసనం దక్కింది. తెలుగు మూలాలున్న ఆ వంశంలో నలుగురు వరసగా ఏలారు. చివరివాడు శ్రీ విక్రమ రాజసింహుడు. సాయంత్రం మీరు గట్టు వెంట నడిచే క్యాండీ చెరువును 1807లో తవ్వించింది ఆయనే. బుద్ధుడి దంతాన్ని ఉంచిన గుడి దంతాలయం ముందు కనిపించే ఎనిమిది పలకల మండపం కూడా ఆయన కట్టించిందే. 1815లో బ్రిటిష్‌వాళ్లు ఆయన్ని పట్టుకున్నారు, ఆ తర్వాత వేలూరు కోటకు పంపేశారు. 1832లో అక్కడే పోయాడు. ఆయన సమాధి వేలూరులో పాలారు ఒడ్డున ముత్తు మండపంలో ఉంది. చెన్నై నుంచి ఒక ఆదివారం వెళ్లిరావచ్చు. దంతాలయంలో సాయంత్రం ఆరున్నర పూజ వేళకు డప్పుల మోత మొదలవుతుంది. ఆ సమయానికి అరగంట ముందే లోపలికి వెళ్లి కూర్చోండి.

ఏడో అడుగు: ఇంటికి ఫోన్లు, తిరుగు ప్రయాణం

రోజుకు ఒకసారి, ఒకే వేళకు రెండిళ్లకూ వీడియో కాల్ చేస్తామని బయల్దేరే ముందే చెప్పేయండి. అమ్మకు ఒకటి, అత్తయ్యకు ఒకటి, ఇద్దరికీ సమానంగా. మిగతా సమయం ఫోన్ పక్కన పెట్టొచ్చు. లేకపోతే పిన్ని, బాబాయి, వదిన అందరూ ‘ఏం తిన్నారు, ఎక్కడున్నారు’ అంటూనే ఉంటారు, వాళ్లది ప్రేమే అయినా.

పెద్దవాళ్లు సీతమ్మ గుడికి వెళ్లిరమ్మంటే వెళ్లండి. నువారా ఎలియా దగ్గర సీతా ఎలియాలో, వాగు పక్కన ఉంటుంది, అరపూట పని. దాన్ని పట్టుకుని రామాయణ స్థలాలన్నీ తిరిగే యాత్రగా మార్చుకోవద్దు. అది అమ్మానాన్నలతో ఇంకోసారి చేసుకోవచ్చు.

తిరుగు విమానం శనివారం పెట్టుకోండి. ఆదివారం బట్టలు ఉతుక్కుని, తెచ్చిన సిలోన్ టీ, దాల్చినచెక్క రెండిళ్లకూ పంచి, ఆ రాత్రి తొందరగా పడుకుంటే సోమవారం ఆఫీసు పెద్ద బరువనిపించదు.